రెండువందల పద్నాలుగో పేజీ

కొండ పక్కన కట్టిన ఒక విశ్వవిద్యాలయంలో హిమజ అనే అమ్మాయి వృక్షశాస్త్రం ఆనర్స్ చదువుతూ ఉండేది. పనిలో చురుకే గానీ, పేరున్నవాళ్లు చెబితేనే మాట, మిగతావాళ్లు చెప్పింది మాటే కాదనుకునే జబ్బొకటి ఆ పిల్లకు ఉండేది.

ఆనర్స్ పట్టా చేతికి రావాలంటే చివరి ఏడాది ఒక పరిశోధనా పత్రం రాయాలి. దానికి బోలెడు నియమాలు. అక్షరాల సైజు ఇంత ఉండాలి, వరుసల మధ్య ఖాళీ ఇంత వదలాలి, బైండింగు కోసం ఎడమ పక్క మార్జిన్ ఎక్కువ పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. ఏ సంగతి రాసినా అది ఎక్కడిదో చెప్పాలి. పుస్తకంలో చదివితే ఆ పుస్తకం పేరు, రాసినవాళ్ల పేరు, పేజీ నంబరు. మనిషి దగ్గర వింటే ఆ మనిషి పేరు, ఊరు, తేదీ. అవన్నీ చివర అక్షరక్రమంలో ఆధారాల జాబితాగా పేర్చాలి.

హిమజకు గైడుగా ఉన్న సీతాపతి గారు మంచి మనిషి. చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. విద్యార్థులు తెచ్చిన కాగితాల మీద ప్రతి రెండు వాక్యాలకూ ఒకసారి "ఎవరు చెప్పారు?" అని రాసేవాడు. ఆ మాట చూసీ చూసీ పిల్లలు ఆయనకు "ఎవరుచెప్పారు మాస్టారు" అని పేరు పెట్టుకున్నారు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. నవ్వుకునేవాడు.

పల్లెల్లో ఆడవాళ్లు విత్తనాలు ఎలా దాస్తారో రాయాలని హిమజ అనుకుంది. బస్సెక్కి రేగులవలస వెళ్లింది. అక్కడ ఒక పెంకుటింటి గోడ నిండా పిడకల్లాంటి బిళ్లలు కనిపించాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో బిళ్లలో ఆనప గింజలు, బీర గింజలు వరసగా గుచ్చి ఉన్నాయి. ఆ ఇంటావిడ పేరు అప్పలనరసమ్మ. డెబ్బై దాటిన మనిషి. గుమ్మం ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"మామ్మా, ఈ బిళ్లల్లో ఏం కలిపావు?" అని హిమజ అడిగింది.

"ఆవు పేడ తల్లీ. నువ్వులు దులిపేసిన కట్టె కాల్చి, ఆ నువ్వు కట్టె బూడిద పేడలో కలిపి, గింజలద్ది గోడకి కొడతాను. తొలకరికి బద్దలు కొట్టి పాతుతాను. ఒక్క గింజ చచ్చిపోదు, సూడు," అంది అప్పలనరసమ్మ.

"ఊళ్లో అందరూ ఇలాగే చేస్తారా?"

"అందరూ పేడే కలుపుతారు. బూడిద కలిపీది మా ఇంట్లోనే."

హిమజకు ప్రాణం లేచొచ్చింది. అప్పలనరసమ్మ గోడ నుంచి నూరు ఆనప గింజలు అడిగి తీసుకుంది. బూడిద కలపని పక్కింటి గోడ నుంచి ఇంకో నూరు తీసుకుంది. రెండూ నిరుటివే. విశ్వవిద్యాలయానికి తెచ్చి వేరువేరు ట్రేలలో నాటింది. పక్కింటి గింజలు అరవై ఏడు మొలిచాయి. అప్పలనరసమ్మవి తొంభై ఒకటి మొలిచాయి. నమ్మలేక మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ అంతే వచ్చింది. ఆ రోజు హాస్టల్లో కనిపించినవాళ్లందరినీ పిలిచి ఆ మొలకలు చూపించింది. ఇంతవరకూ పిల్ల బంగారంలాంటి పని చేసింది, ఎవరైనా మెచ్చుకోవాల్సిందే.

చిక్కంతా రాసేటప్పుడు వచ్చింది. నువ్వు కట్టె బూడిద సంగతి రాసి, దాని పక్కన ఆధారం రాయబోయి ఆగిపోయింది. తన జాబితాలో ఉన్నవాళ్లందరూ ప్రొఫెసర్లు, డాక్టర్లు. వాళ్ల మధ్య వేలిముద్ర వేసే ముసలమ్మ పేరా? పరీక్ష చేసేవాళ్లు నవ్వరూ? పత్రం తేలిపోదూ? ఇలా ఆలోచించింది ఆ మహాతల్లి.

ఆ సమయానికి ఎదురుగా ఒక సీనియర్ రాసిన థీసిస్ ఉంది. దాని వెనక జాబితాలో, విత్తనాల నిల్వ మీద ముప్పై ఏళ్ల కిందట వచ్చిన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పేరు కనిపించింది. పేరు చూస్తేనే గౌరవం పుట్టేలా ఉంది. హిమజ ఆ పేరు దించేసి అప్పలనరసమ్మ ఉండాల్సిన చోట పెట్టింది. పేజీ నంబరు లేకపోతే బాగుండదు కదా! అందుకని 214 అని వేసింది. ఆ పుస్తకం అట్ట కూడా ఆమె చూడలేదు. చేయి తిరిగాక ఆగుతుందా? అలా ఇంకో నలభై పుస్తకాలు దించింది. జాబితా అరవైకి చేరింది.

సీతాపతి గారు పత్రం చదివాడు. బూడిద దగ్గర పెన్సిలు ఆగింది.

"ఇది చాలా కొత్తగా ఉందే. ఎక్కడ చూశావమ్మా?" అన్నాడు.

"లైబ్రరీలో సర్. పేజీ నంబరుతో సహా వేశాను," అంది హిమజ.

ఆయన ఆమె ముఖం వైపు చూశాడు. నాలుగేళ్లుగా ఎరిగిన పిల్ల. ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు.

వైవా రోజు వచ్చింది. ఇంకో విశ్వవిద్యాలయం నుంచి ఇందుమతి గారు అనే పెద్దావిడ పరీక్ష చేయడానికి వచ్చారు. ఆవిడ సరే అంటేనే హిమజకు ఆనర్స్ పట్టా. లేకపోతే నాలుగేళ్ల కష్టం మామూలు డిగ్రీతో సరిపెట్టుకోవాలి. హిమజ ఇస్త్రీ చీర కట్టుకుని, పత్రం ముందు పెట్టుకుని కూర్చుంది. సీతాపతి గారు పక్కనే కూర్చున్నాడు.

"ఎంత శుభ్రంగా ఉందమ్మా! మార్జిన్లు గీత గీసినట్టున్నాయి," అన్నారు ఇందుమతి గారు.

హిమజ పొంగిపోయింది.

"ఈ నువ్వు కట్టె బూడిద సంగతి నాకు భలే నచ్చింది. ఇది ఆ పుస్తకంలో రెండువందల పద్నాలుగో పేజీలో ఉందా?"

"అవును మేడం."

"నువ్వు చదివావా?"

"చదివాను మేడం."

ఇందుమతి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను చదువుకునే రోజుల్లో ఆ పుస్తకం రాసినాయన దగ్గర పనిచేశాను. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చూపించే పట్టిక ఉంటుంది చూడు, అది తయారుచేసింది నేనే. ఏడాది పట్టింది. నువ్వులు అన్న మాట ఆ పుస్తకంలో ఆరుచోట్ల ఉంది. ఆరూ నూనె గురించే. రెండువందల పద్నాలుగో పేజీలో ధాన్యం గోదాము బొమ్మ ఉంది, అంతే. పేజీలో ఇంకో అక్షరం లేదు," అన్నారు.

హిమజ ముందున్న పత్రం మూసేసింది.

ఆవిడ నెమ్మదిగా ఇంకో మాట అడిగారు. "మరి ఈ తొంభై ఒక్క మొలకలు కూడా ఇలాగే వచ్చాయా అమ్మా?"

అయ్యో! ఆ ప్రశ్నకు హిమజ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తొంభై ఒకటీ నిజం. మూడుసార్లు లెక్కపెట్టిన నిజం. కానీ ఇప్పుడు ఎవరు నమ్ముతారు? నమ్మమని ఏ ముఖం పెట్టుకుని అడగాలి? పక్కకు చూసింది. సీతాపతి గారు తలదించుకుని తన సంతకం వైపే చూస్తున్నాడు. ఆయన ఏమైనా అని ఉంటే కాస్త తేలికయ్యేది.

"మొలకలు నిజం మేడం," అంది హిమజ ఏడుస్తూ. "పుస్తకమే అబద్ధం. రేగులవలసలో అప్పలనరసమ్మ అని ఒక మామ్మ చెప్పింది. ఆమెకు చదువు రాదు. పేరు రాస్తే నవ్వుతారనుకున్నాను. సార్‌కి కూడా అబద్ధం చెప్పాను. తప్పు నాదే."

ఇందుమతి గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని అన్నారు: "పట్టా ఇప్పుడు ఇవ్వను. అలాగని పత్రం కొట్టేయను. నెల రోజులు టైమిస్తున్నాను. చదవని పుస్తకాలన్నీ తీసెయ్. గింజలు మళ్లీ మీ డిపార్ట్‌మెంటు వాళ్ల కళ్ల ముందు నాటు. ఆ మామ్మ దగ్గరికి వెళ్లి అడగాల్సినవి సరిగ్గా అడిగి రా. తర్వాత చూద్దాం."

మర్నాడే హిమజ రేగులవలస వెళ్లింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. అప్పలనరసమ్మ విని ముక్కున వేలేసుకుంది.

"ఓలమ్మో! సదువుకున్నోళ్లు గూడా ఇలగ సేస్తారేటి?" అంది.

"తప్పయిపోయింది మామ్మా. ఈ పద్ధతి నువ్వు కనిపెట్టావని నీ పేరు రాస్తాను. రాయనిస్తావా?"

"నానేటి కనిపెట్టినాను? అలగ రాయకు," అంది అప్పలనరసమ్మ గట్టిగా. "పేడలో గింజలద్దీది మా అత్త నేర్పింది. ఆమె పేరు గురువులమ్మ. నువ్వు కట్టె బూడిద మా ఆడపడుచు సూరమ్మ సెప్పింది. ఆమెకి ఎవులు సెప్పినారో నాకు తెల్దు, తెల్దనే రాయి. బూడిద పల్చటి గుడ్డలో జల్లించీది మాత్రం నాదే. జల్లించకపోతే బొగ్గు ముక్కలు గింజకి అంటుకుని తోలు ఊడిపోతాది. అది నానే సూసుకుని, నానే మార్చినాను. అది నా పేరున రాయి."

హిమజ చేతిలో కలం ఆగిపోయింది. ఏ మాట ఎవరిదో, ఏది తనదో, ఏది తనకు తెలియదో ఈ మనిషి ఎంత తేటగా విడదీసి చెప్పింది! సీతాపతి గారు నాలుగేళ్లు పెన్సిలు అరగదీసి నేర్పింది ఇదే కదా! సిగ్గేసింది. సిగ్గుతో పాటు సంతోషమూ వేసింది. బూడిద జల్లించాలన్న సంగతి మొదటిసారి ఆమె అడగనే లేదు. దాన్ని వదిలేసి రాసి ఉంటే, చదివి చేసుకున్నవాళ్ల గింజలు పాడైపోయేవి.

"ఇంత బాగా ఎలా గుర్తు పెట్టుకున్నావు మామ్మా?" అని అడిగింది.

"గుర్తేటి? మా అత్త మాట నా మాటని సెప్పుకుంటే ఆమె ఊరుకుంటాదేటి? పైనుంచి దిగొచ్చి మొట్టికాయ ఏస్తాది," అని అప్పలనరసమ్మ పకపకా నవ్వింది. హిమజ కూడా నవ్వేసింది. ఆ పూట అక్కడే ఆనపకాయ పులుసుతో అన్నం తిని, తేదీ, ఊరు, వయసు, పేర్లు అన్నీ రాసుకుని, అప్పలనరసమ్మ గోడ నుంచి ఇంకో నూరు గింజలు తీసుకుని బయల్దేరింది.

డిపార్ట్‌మెంటు వరండాలో అందరూ చూస్తుండగా గింజలు నాటింది. ఈసారి ఎనభై తొమ్మిది మొలిచాయి. రెండు తగ్గాయి. పాత హిమజ అయితే ఏం చేసేదో గానీ, ఈ హిమజ ఎనభై తొమ్మిదే రాసింది. మొదటి లెక్క ఇంత, రెండో లెక్క ఇంత అని రెండూ చూపించింది. జాబితాలో నుంచి చదవని పుస్తకాలు తీసేస్తే పందొమ్మిది మిగిలాయి. ముగ్గురు ఆడవాళ్ల పేర్లు చేరి ఇరవై రెండయ్యాయి. వాటిని అక్షరక్రమంలో పేర్చి ప్రింటు తీసింది.

ఇందుమతి గారు మళ్లీ వచ్చారు. పత్రం మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఆధారాల జాబితా దగ్గరికి రాగానే ఆవిడ ముఖం విప్పారింది. మొట్టమొదటి పేరు అప్పలనరసమ్మ. ఆ కింద ప్రొఫెసర్లు, డాక్టర్లు వరుసగా ఉన్నారు.

"సీతాపతి గారూ, చూశారా! మీ అక్షరక్రమం ఎంత మంచి పని చేసిందో!" అన్నారు.

తర్వాత హిమజ వైపు తిరిగారు. "నేను నెల రోజులూ వెతికాను. ఈ బూడిద సంగతి నాకు దొరికిన ఏ పుస్తకంలోనూ లేదు. మొదటిసారి రాసింది నువ్వే. ఇంత కొత్త సంగతి చేతిలో పెట్టుకుని, ముప్పై ఏళ్ల కిందటే ఎవరో రాసేశారని నువ్వే చెప్పావు! నీ పంట తీసుకెళ్లి పరాయివాళ్ల గాదెలో పోశావు తల్లీ."

ఈ సంగతి హిమజకు అంతవరకూ తట్టనే లేదు.

"ఆనర్స్ పట్టా ఇవ్వమని రాస్తున్నాను," అని ఇందుమతి గారు సంతకం పెట్టి కాగితం సీతాపతి గారి వైపు జరిపారు. ఆయన ఈసారి పత్రమంతా మళ్లీ తిరగేశాడు. పెన్సిలు ఎక్కడా ఆగలేదు. నిండు మనసుతో సంతకం పెట్టి, "నాకు ఇక అడగాల్సింది ఏమీ లేదమ్మా," అన్నాడు. హిమజకు పట్టా కన్నా ఆ మాటే ఎక్కువ అనిపించింది.

పట్టా వచ్చిన వారం హిమజ ఒక ప్రతి పట్టుకుని రేగులవలస వెళ్లింది. అప్పలనరసమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. "మా అత్త పేరేదీ?" అని అడిగింది. హిమజ చూపించింది. ఆ ముసలావిడ గురువులమ్మ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. "మా అత్త బతికుండగా ఆమె పేరు ఎక్కడా రాసినోళ్లు లేరు తల్లీ," అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది.

నీతి: ఏ సంగతి ఎవరి దగ్గర నేర్చుకున్నామో వాళ్ల పేరే చెప్పాలి; గొప్ప కోసం వేరే పేరు తగిలిస్తే, మన దగ్గరున్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.