పార ఎవరి గుమ్మంలో ఉంది?

ఒక ఊరు ఏటికంటే పల్లంలో ఉండేది. ఏటికీ ఊరికీ మధ్య ఒక మట్టికట్ట. కట్ట ఉన్నన్నాళ్లే ఊరు. ఈ సంగతి అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు, కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

కట్టను చూసుకోవడానికి వంతులుండేవి. వంతు వచ్చిన ఇంటి గుమ్మానికి ఊరుమ్మడి పారను ఆనించి పెట్టేవారు. ఆ ఇంటివాళ్లు కట్ట పొడుగునా నడిచి, నీళ్లు ఊరుతున్న చోట మట్టి వేసి తొక్కి, పారను పక్కింటికి మోసుకెళ్లాలి. పక్కింటివాళ్లు ముందు ఇనుము మీద చెయ్యి వేసి చూస్తారు. తడిమట్టి అంటుకుని ఉంటేనే పుచ్చుకుంటారు. పొడిగా ఉంటే తలుపు వేసేస్తారు. తెచ్చింది సొంత వియ్యంకుడైనా సరే, ఇందులో మొహమాటాల్లేవు.

ఒకరోజు గొడుగు పట్టుకున్న మనిషి ఒకడు ఆ ఊరొచ్చి, నీడ కోసం ఊరి పెద్దాయన అరుగు మీద కూర్చున్నాడు. ఆవేళ పార అక్కడే ఉంది. పెద్దాయన నడుం పట్టుకుని దానివంక చూస్తూ నిట్టూరుస్తున్నాడు.

"నా వెంట కొందరు ఇంగ్లీషు మాటలున్నారండి," అన్నాడు గొడుగు మనిషి. "తిండి అడగరు, జీతం అడగరు. మీ బదులు వాళ్లే జవాబు చెప్పుకుంటారు."

"పని చేస్తారా?"

"పని గురించి చెబుతారండి."

పెద్దాయనకు ఆ రెంటికీ పెద్ద తేడా కనిపించలేదు. కనిపించకపోవడమే ఆ క్షణాన హాయిగా ఉంది.

అలా మొదట వచ్చినవాడు అండర్ ప్రాసెస్. కోటు వేసుకుని, ఏ పనీ చెయ్యకుండానే చెమట తుడుచుకుంటూ ఉండేవాడు. పారను ఎత్తుకుని నేరుగా పక్కనున్న పంతులుగారింటికి తీసుకెళ్లాడు. పంతులు ఇనుము మీద చెయ్యి వేశాడు. పొడిగా ఉంది.

"తడి ఏదీ?"

"అండర్ ప్రాసెస్," అన్నాడు కోటువాడు.

పంతులుకు అర్థం కాలేదు. ఊళ్లో అందరికీ పాఠాలు చెప్పినవాడు, అర్థం కాలేదని ఎలా ఒప్పుకుంటాడు? తల ఊపి పార పుచ్చుకున్నాడు. ఊరు చేసిన పొరపాటల్లా అదొక్కటే.

తెల్లారేసరికి పంతులు కూడా ఒక మాటను తెచ్చుకున్నాడు. వాడి పేరు ఫార్వర్డ్. సన్నగా, కాలు నిలవని మనిషి. పారను పక్కనున్న కిరాణా కొట్టాయన గుమ్మంలో పడేసి వెనక్కి చూడకుండా పోయాడు. కొట్టాయన ఊరుకుంటాడా? పెండింగ్‌ను తెచ్చి పార మీదే కూర్చోబెట్టాడు. కొండంత మనిషి, లేపినా లేవడు. ఇక ఊరంతా కలిసి చావడిలో మీటింగ్ అనే ఆవిడకు బస ఇచ్చారు. ఆవిడ పిలిచినప్పుడల్లా వెళ్లి వరసగా కూర్చుని, లేచి, ఎవరిళ్లకు వాళ్లు వచ్చేవారు. చాలా పని చేసినట్టు ఒళ్లునొప్పులు కూడా వచ్చేవి.

ఊళ్లోవాళ్లు ఆ మాటలకు బాగా అలవాటుపడ్డారు. భోంచేశారా అని అడిగితే అండర్ ప్రాసెస్ అనేవారు. చంటివాడు ఏడిస్తే తల్లి వాణ్ణి అత్తగారికి ఫార్వర్డ్ చేసేది. మొదట్లో నవ్వుకున్నారు. తర్వాత నవ్వడం కూడా పెండింగ్‌లో పడింది.

కట్టకింద మొదటి ఇల్లు చాపలల్లే ఆమెది. మొగుడికి కాళ్లు పడిపోయి మంచం దిగడు. ఆ ఇంటికి అరుగు లేదు, అందుకని ఏ మాటా అక్కడ దిగలేదు. ఒక పొద్దున లేచి చూస్తే పెరటిగోడ చెమ్మగా ఉంది. పైకెళ్లింది. కట్టకు బుంగ పడి, నీళ్లు సన్నగా కారుతున్నాయి.

పరుగున పెద్దాయన ఇంటికి వెళ్లింది. కోటువాడు ఎదురొచ్చాడు.

"కట్టకు బుంగ పడింది బాబూ."

"అండర్ ప్రాసెస్."

"అంటే? ఎవరన్నా వెళ్లారా?"

"అండర్ ప్రాసెస్," అని వాడు చెమట తుడుచుకున్నాడు. అంత చెమట చూసి ఆమెకే జాలేసింది. పంతులింట్లో కొట్టాయన దగ్గరికి ఫార్వర్డ్ చేశామన్నారు. కొట్టాయన గుమ్మంలో పెండింగ్ కూర్చుని ఉన్నాడు. వాడికింద పార ఉందో లేదో కూడా కనబడలేదు. చావడి ముందు నిలబడితే, మీటింగ్ వేలు పెదవిమీద పెట్టుకుని ఊరుకోమంది.

"ఏమన్నారే?" అన్నాడు మొగుడు, ఆమె ఇంటికి రాగానే.

"జరుగుతోందంటున్నారయ్యా."

"ఎవరు చేస్తున్నారంట?"

"అదే తెలీట్లేదు. అందరూ ఏదో పనిలో ఉన్నట్టే ఉన్నారు. నాకే కనపడట్లేదేమో."

మళ్లీ కట్టెక్కి బుంగలో చెయ్యి పెట్టింది. చెయ్యి తడిసింది. తడిసిన చేతివంక చూసుకుని కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంతమంది తెలిసినవాళ్లు అంత ధీమాగా చెబుతుంటే, ఇది నీళ్లు కాదేమో, తన బుర్రకే ఏమన్నా అయిందేమో. నీళ్లకంటే ఆ అనుమానానికే ఎక్కువ భయపడింది.

ఎగువన వానలు పడ్డాయి. ఒక సాయంత్రం బుంగ బుట్టంత అయింది. ఆమె ఇంట్లో ఉన్న చాపలన్నీ చుట్టి కుక్కింది. మట్టి పోసింది. నిలవలేదు. మొగుణ్ణి బయటికి మోసుకురావడం ఒక్కదానివల్ల కాదు, నలుగురు పట్టాలి. ఇక దారిలేక బుంగకు తన వీపే అడ్డంపెట్టి, గొంతు చించుకుని అరిచింది. ఆ ఊళ్లో తెలుగులో అరుపు విని చాలాకాలమైంది. ఎవరో పాత పాట పాడుకుంటున్నారనుకున్నారు.

అదే వేళకు పెద్దాయన గాలికోసం కట్టమీదికి వచ్చాడు. చూశాడు. ఆమె కాళ్లు పిక్కలదాకా బురదలో ఉన్నాయి. భుజాల పక్కనుంచి నీళ్లు చిమ్ముతున్నాయి.

"పిలవండి పెద్దయ్యా! మా ఆయన మంచంమీదే ఉన్నాడు!"

పెద్దాయన ఊరివైపు తిరిగి, ఉన్న బలమంతా కూడగట్టుకుని అరిచాడు. నోట్లోంచి వచ్చింది, "మీటింగ్! మీటింగ్!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆమె ప్రాణం లేచొచ్చింది. జనం బయటికి వచ్చి, కండువాలు సర్దుకుని, చావడికి వెళ్లి వరసగా కూర్చున్నారు.

పెద్దాయన నోటిమీద కొట్టుకున్నాడు. మళ్లీ ప్రయత్నిస్తే అండర్ ప్రాసెస్ అని వచ్చింది. ఆయనకు ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, కండువా పారేసి, దిగి ఆమె పక్కన తనూ వీపు ఆనించాడు. ఏటినీళ్లు వెన్నుకు తగిలాయి.

"అమ్మో, చలి!" అన్నాడు. అన్నాక తనమాట తనే విని ఉలిక్కిపడ్డాడు.

"ఆ గొంతుతోనే పిలవండయ్యా!"

"రండర్రా! కట్ట తెగుతోంది! రండి, పట్టండి!"

ఈసారి చావడి కదిలింది. జనం పరుగున కట్టకిందికి వచ్చారు. పంతులున్నాడు, కొట్టాయనున్నాడు, పిల్లలతో సహా ఆడవాళ్లున్నారు. వాళ్లవెంట ఇంగ్లీషు మాటలు ఒక్కరూ రాలేదు. కోటువాడూ, సన్నవాడూ, కొండంతవాడూ చావడిలోనే ఉండిపోయారు.

జనం తలలెత్తి చూశారు. ఆమె ఉంది. పక్కనే బురదలో, చిమ్ముతున్న నీళ్లకు వీపు ఆనించి పెద్దాయన ఉన్నాడు. అందరి మొహాలూ తేటపడ్డాయి.

"పెద్దాయనే స్వయంగా నిలబడ్డారుగా," అన్నాడు కొట్టాయన. "ఇంక మనమెందుకు?"

"అవును, ఆయన చూసుకుంటారు," అన్నాడు పంతులు. "పదండి, చీకటి పడుతోంది."

ఒకరి తర్వాత ఒకరు ఇళ్లకు మళ్లారు. వీపుకింద మట్టి జారుతుంటే ఆమె కాళ్లు ఇంకా లోపలికి తొక్కిపెట్టింది. కింద ఇంట్లోంచి మొగుడు పేరుపెట్టి పిలుస్తున్నాడు. ఇన్నాళ్లూ ఎవరేమంటున్నారో తెలియక తికమకపడింది. ఇప్పుడు వాళ్లన్న ప్రతి మాటా ఆమెకు శుభ్రంగా అర్థమైంది.