కుళ్ళని గూడు

అనగనగా ఒక అడవి. అడవి అనగానే చెట్లూ పులులూ వెతక్కండి. ఇది నీళ్ళలో మొలిచిన అడవి. ఒక పెద్ద మంచినీటి సరస్సు నడుమ కిక్కిస, జమ్ము, తుంగ గడ్డి మనిషెత్తున పెరిగి ఉండేది. అందులోకి వెళ్తే పడవలు కూడా దారి తప్పేవి. కథ చెప్తాను గానీ, మధ్యమధ్యలో మీరు ఊ కొట్టాలి మరి. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే నాకు కథ సాగదు.

ఆ గడ్డి అడవిలో బుడుబుంగలు ఉండేవి. బుడుబుంగ అంటే పిడికెడంత నీటిపిట్ట. ఇక్కడ బుడుంగున మునిగి, అక్కడెక్కడో తేలుతుంది. నేల మీద నడవడం దానికి సరిగ్గా రాదు. అందుకని గూడు కూడా నీళ్ళమీదే కట్టుకుంటుంది. తడి జమ్మాకు, నాచు, తుంగ పోగుచేసి చిన్న తెప్పలా పేరుస్తుంది. అది కొట్టుకుపోకుండా, వేళ్ళున్న మూడు కిక్కిస గడలకి పచ్చి నాచుతో ముడి వేస్తుంది.

గుడ్లు పెట్టినప్పుడు తెల్లగా ఉంటాయి. మూడో రోజుకల్లా నాచురసం పట్టి గోధుమరంగుకి తిరుగుతాయి. మేతకి వెళ్ళేటప్పుడు తల్లి వాటిమీద తడి నాచు కప్పి వెళ్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది కదా? చిక్కేమిటంటే, ఆ గూడు అడుగునుంచి కుళ్ళుతూ ఉంటుంది. రోజూ వేలెడు కిందికి దిగుతుంది. అందుకని మొగుడూ పెళ్ళాం రోజూ కొత్త నాచు మోసుకొచ్చి పైన పేర్చాలి. వానైనా సరే, ఎండైనా సరే. బద్ధకిస్తే అంతే సంగతులు.

తుంగమ్మ అనే బుడుబుంగకి నిరుడు అదే జరిగింది. బద్ధకించి కాదు, పాపం. ఒళ్ళు బాగాలేక రెండు రోజులు రెక్క ఎత్తలేకపోయింది. దాని మొగుడు బుంగన్న ఒక్కడే నాచు మోశాడు గానీ సరిపోలేదు. మూడో రోజు పొద్దున గూడు ఒక పక్కకి ఒరిగింది. నాలుగు గుడ్లూ ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి జారిపోయాయి. తుంగమ్మ ఒక్కో గుడ్డు కోసం ఒక్కోసారి మునిగింది. అడుగునంతా బురద. ఒక్కటీ దొరకలేదు.

ఈ ఏడు మళ్ళీ గుడ్లు పెట్టే వేళయింది. తుంగమ్మకి ఒకటే ఆలోచన.

"అత్తయ్యా, కుళ్ళని గూడు కట్టుకోకూడదా?" అని అడిగింది.

దాని అత్త నాచమ్మ ముసలి బుడుబుంగ. ఎనిమిది కాన్పులు చూసింది. "కట్టకూడదే పిల్లా," అంది.

"ఎందుకని?"

"మా అత్త చెప్పింది. ఆవిడకి వాళ్ళ అత్త చెప్పింది."

"ఎందుకో చెప్పలేదా?"

"నేను అడగలేదే," అంది నాచమ్మ.

అత్తగార్లతో వచ్చిన తంటా ఇదే. మాట భద్రంగా దాచుకుంటారు, కారణం ఎక్కడో పారేసుకుంటారు. తుంగమ్మకి ఆ మాట నచ్చలేదు. నచ్చకపోవడంలో తప్పులేదు కూడా.

ఆ ఏడు పెద్ద వరద వచ్చింది. వరద తీసిన మర్నాడు పొద్దున సరస్సంతా పొగమంచు. కప్పలు ఎప్పట్లా బెకబెకమంటున్నాయి. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. గడ్డిలోంచి తల బయటికి పెట్టి చూస్తే, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న నీళ్ళ మీద ఒక లంక నిలబడి ఉంది.

దాని మీద మట్టి లేదు. గడ్డి లేదు. ఈగ కూడా లేదు. ఎన్ని ఊళ్ళ మురుగుకాలవలు మోసుకొచ్చాయో, కూల్‌డ్రింకు సీసాలు, పాల ప్యాకెట్లు, తెగిన హవాయి చెప్పులు, పాత వలలు, తెల్లటి థర్మోకోలు ముక్కలు, అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. నడుమ ఒక బొమ్మ తలకాయ. దానికి ఒకటే కన్ను. ఆ కన్ను అల వచ్చినప్పుడల్లా మూసుకుంటోంది, తెరుచుకుంటోంది.

లంకని ఎవరూ కట్టలేదు. అదే తయారైంది.

తుంగమ్మ భయపడుతూనే దగ్గరికి ఈదింది. చుట్టూ తిరిగి చూసింది. ఎక్కడా కుళ్ళు వాసన లేదు. అసలు ఏ వాసనా లేదు.

"ఇది కుళ్ళదా?" అని తనలో తనే అనుకున్నట్టు పైకి అంది.

"ఊ," అంది లంక.

తుంగమ్మ ఉలిక్కిపడింది. గాలికి మూతల్లేని సీసాలు పలికాయి, అంతే. అలా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మూతలు బిగించి ఉన్న సీసాలు నాలుగు, రొమ్ముతో నెట్టుకుంటూ ఇంటికి తెచ్చుకుంది.

రెండోసారి ప్యాకెట్ల కోసం వెళ్ళింది. ఈసారి కావాలనే అడిగింది. "దీంతో కడితే గూడు మునగదు కదా?"

"ఊ," అంది లంక.

మూడోసారి కట్టడానికి నైలాన్ తాడు కోసం వెళ్ళింది. తాడు లాగుతుంటే, పాత వల మడతల్లో ఒక గూడు కనిపించింది. గూట్లో ఏ ఊరి చెరువుదో ఒక బుడుబుంగ పొదుగుతూ కూర్చుని ఉంది. ఈకలు వెలిసిపోయి ఉన్నాయి. తల ఎత్తలేదు.

"అక్కా, ఈ గూడు మునగలేదు కదా?" అని అడిగింది తుంగమ్మ.

"మెల్లగా మాట్లాడమ్మా. పిల్లలు ఉలిక్కిపడతారు," అంది ఆ పిట్ట. "మునగలేదు. ఇంతవరకూ మునగలేదు."

"పిల్లలెప్పుడు వస్తారు?"

"ఇవాళో రేపో."

తుంగమ్మ ప్రాణం లేచొచ్చింది. నా గుడ్లు కూడా ఇక జారిపోవు కదా అని అడిగింది, ఎవర్నో తెలియదు. గాలి కూడా లేదు ఆ వేళప్పుడు.

"ఊ," అంది లంక.

తుంగమ్మ గూడు కట్టింది. ఆ గడ్డిలో అలాంటి గూడు ఎవరూ ఎరగరు. సీసాల మీద ప్యాకెట్లు పరిచి, థర్మోకోలు ముక్కలు చుట్టూ పెట్టి, మూడు కిక్కిస గడలకి నైలాన్ తాడుతో బిగించింది. మొదటి రోజు ఎంత ఎత్తున ఉందో పదో రోజునా అంతే ఎత్తున ఉంది. నాచు మోసే పనే లేదు. బుంగన్న హాయిగా చేపలు పట్టుకున్నాడు. చుట్టుపక్కల బుడుబుంగలు వచ్చి చూసి కుళ్ళుకున్నాయి.

నాలుగు గుడ్లు పెట్టింది. మూడో రోజు నాచమ్మ చూడ్డానికొచ్చింది. చూసి వెనక్కి తగ్గింది.

"ఏంటే పిల్లా, ఇంకా ఇంత తెల్లగా ఉన్నాయి?"

"శుభ్రమైన గూడు కదత్తయ్యా. మరక ఎక్కడ్నుంచి వస్తుంది?" అంది తుంగమ్మ, గర్వంగానే.

నాచమ్మ వెళ్ళేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆ రోజే తుంగమ్మ ఒక సంగతి గమనించింది. మేతకి వెళ్ళి తిరిగొచ్చేసరికి గుడ్లు చల్లగా ఉన్నాయి. కప్పిన ప్యాకెట్టు కప్పినట్టే ఉంది. లోపల గుడ్లు మాత్రం గులకరాళ్ళలా చల్లగా ఉన్నాయి. నిరుడు ఇలా ఉండేవి కావే! తన ఒళ్ళే చల్లబడిందేమో అనుకుంది. మర్నాడు తొందరగా తిరిగొచ్చింది. అప్పటికీ చల్లగానే ఉన్నాయి. ఇక మేతకి వెళ్ళడమే మానేసింది. మొగుడు తెచ్చిన చేపపిల్లలు రెండు తిని, గుడ్లని రొమ్ము కింద అదుముకుని కూర్చునేది. కింద నుంచి చలి పైకి పాకుతూ ఉండేది.

ఇరవయ్యో రోజుకి చుట్టూ అన్ని గూళ్ళలోనూ పిల్లలొచ్చాయి. తల్లుల వీపుల మీదెక్కి ఊరేగుతున్నాయి. తుంగమ్మ గుడ్లు తెల్లగా మెరుస్తున్నాయి.

"మావా, నీకేమైనా వినిపిస్తోందా లోపల?" అని అడిగింది.

బుంగన్న చెవి ఆనించి విన్నాడు. ఏమీ వినిపించలేదు. ఆ మాట చెప్పలేక, "ఇవాళో రేపో," అన్నాడు.

ఆ మాట ఇంతకు ముందు ఎక్కడ విందో తుంగమ్మకి గుర్తొచ్చింది.

"లంక ఎక్కడుంది మావా?"

"అదీ చెప్పాలనే అనుకుంటున్నా. మొన్న ఆ ఎండుకొయ్యకి అవతల ఉంది. ఇవాళ ఇవతల ఉంది. గాలేమో ఎదురు గాలి," అన్నాడు బుంగన్న.

ఇరవైరెండో రోజు పొద్దున మళ్ళీ పొగమంచు దిగింది. సరస్సులో నీరు కాస్త పెరిగింది. నాచు ముడి అయితే నీటితోపాటు గడ మీద పైకి జారేది. నైలాన్ ముడి జారలేదు. అలకొక్కసారి గడల్ని కోసింది. మూడు గడలూ తెగాయి. కప్పల బెకబెక ఆగిపోయింది. గూడు కదిలింది.

"తుంగా! దిగు! గూడు పోతోంది!" అని అరిచాడు బుంగన్న.

గుడ్లున్నాయి కదా, ఎలా దిగుతుంది? గూడు మెల్లగా, ఎవరో తాడు పట్టి లాగుతున్నట్టు మంచులోకి వెళ్ళింది. వెళ్ళి లంకకి ఆనుకుంది. ఆ వలల మధ్య ఒకచోట ఖాళీ ఉంది. సరిగ్గా తుంగమ్మ గూడంత ఖాళీ. గూడు అందులో ఒదిగిపోయింది.

పక్కనే ఆ వెలిసిపోయిన బుడుబుంగ. అదే కూర్చోవడం, అదే తల దించుకోవడం.

"మెల్లగా అమ్మా. పిల్లలు ఉలిక్కిపడతారు," అంది.

"అక్కా, నువ్విక్కడికి ఎప్పుడొచ్చావు?"

"నేను రాలేదమ్మా. నా గూడు వచ్చింది. నేను గూట్లో ఉన్నాను."

"గుడ్లెప్పుడు పెట్టావు?"

ఆ పిట్ట చాలాసేపు లెక్క చూసుకుంది. చెప్పలేకపోయింది. కొంచెం పక్కకి జరిగి గుడ్లు చూపించింది. అవి తెల్లగా, నున్నగా, ఇవాళే పెట్టినట్టున్నాయి. "ఇవాళో రేపో," అంది.

అప్పుడు తుంగమ్మ చుట్టూ చూసింది. మంచు కొంచెం విచ్చింది. వల మడతల నిండా గూళ్ళే. ఏ చెరువువో, ఏ కాలవవో. ప్రతి గూట్లోనూ తల దించుకున్న ఒక పిట్ట. కొన్ని కదులుతున్నాయి. కొన్ని కదలడం లేదు. ఎవరూ కట్టలేదనుకున్న లంక అంతా, ఎవరికి వాళ్ళు ఇష్టపడి కట్టుకున్నదే.

ఇంతలో నీళ్ళలోంచి నాచమ్మ తేలింది. దాని వెనకే బుంగన్న. నాచమ్మ ముక్కున కుళ్ళిన జమ్ము ముద్ద ఒకటి ఉంది. కారుతున్న ఆ ముద్దని తెచ్చి గుడ్ల పక్కన పెట్టింది. నాచమ్మకి ఊపిరి అందడం లేదు.

"దీని మీద కాలు పెట్టవే పిల్లా."

తుంగమ్మ పెట్టింది. వెచ్చగా ఉంది! పొదిగే తల్లి కడుపంత వెచ్చగా ఉంది.

"నీ తోటికోడలు గూడు అడుగు నుంచి తెచ్చా," అంది నాచమ్మ. "ఎందుకు కుళ్ళాలో మా అత్త చెప్పలేదు. నేనడగలేదు. నువ్వడిగాక ఇన్నాళ్ళకి వెళ్ళి చెయ్యి పెట్టి చూడాలనిపించింది. గుడ్డుకి సగం వెచ్చదనం మనదే తల్లీ. మిగతా సగం కుళ్ళుది. ముందే చూసుంటే నీకు చెప్పేదాన్ని. తప్పు నాదీ ఉంది."

పిట్టలకి చెయ్యెక్కడిదని అడగకండి. కథలో ఉంటుంది.

తుంగమ్మ ఆ ముద్దని గుడ్ల మీద కప్పింది. మీద కూర్చుంది. ముగ్గురూ ఎదురు చూశారు. ఎంతసేపు చూసినా లోపల ఏమీ కదల్లేదు. అవి చల్లారి చాలా రోజులైంది.

"ఇక దిగవే," అంది నాచమ్మ.

"నిరుడు నాలుగూ జారిపోయాయి అత్తయ్యా. ఈసారి జారలేదు. నేనే వదిలేసి రావాలా?"

"రావాలి."

తుంగమ్మ ఏడుస్తూ లేచింది. లేస్తే కాలు కదల్లేదు. వేలికి దారం చుట్టుకుంది. ఎప్పుడు చుట్టుకుందో! తల తిప్పి చూస్తే బొమ్మ కన్ను తెరుచుకుని ఉంది. బుంగన్న, నాచమ్మ ముక్కులతో ఆ దారాన్ని పీకారు. వేలి తోలు ఊడింది గానీ దారం వదిలింది. తుంగమ్మ నీళ్ళలో దూకింది.

"అక్కా, నువ్వూ రా! అవి చల్లారిపోయాయి, చూసుకో!" అని అరిచింది వెనక్కి తిరిగి.

"మెల్లగా అమ్మా," అంది ఆ పిట్ట.

మళ్ళీ వరద వచ్చినప్పుడు లంక కదిలి సముద్రం వైపు వెళ్ళిపోయింది. మరుసటి ఏడు తుంగమ్మ జమ్మాకుతో, నాచుతో గూడు కట్టింది. కుంటికాలుతోనే రోజూ నాచు మోసింది. ఒంట్లో బాగాలేని రోజున నాచమ్మ మోసింది. మూడో రోజు గుడ్ల మీద గోధుమరంగు మరక కనిపించగానే తుంగమ్మ భోరుమంది. ఇరవయ్యో రోజున నాలుగు పిల్లలు వీపెక్కాయి. ఎందుకు కుళ్ళాలో ఆ నలుగురికీ కాలు పెట్టించి మరీ చెప్పింది.

మరి ఆ లంకలో మిగిలిన నాలుగు గుడ్లూ ఏమయ్యాయి అంటారా? ఏమీ కాలేదు. ఇంకా అలాగే, తెల్లగా, సముద్రం మీద తిరుగుతున్నాయి.

ఆ, బాగా ఊ కొట్టారు. కానీ ఇదేమిటి, మీరందరూ నోళ్ళు తెరుచుకుని నా మొహమే చూస్తున్నారు! మరి ఇందాకటి ఊ ఎవరిది? పెరట్లో మూతలేని సీసా ఏదైనా పడేశారేమో, ముందు వెళ్ళి తీసుకురండి.

నీతి: కుళ్ళాల్సింది కుళ్ళితేనే, పుట్టాల్సింది పుడుతుంది.