వంట వీరభద్రం లేచొచ్చిన ఆకు

"ఎస్తేరమ్మగారూ! ఓ సిస్టరమ్మగారూ! చచ్చి బతికినవాడు నా ప్రాణం తీస్తున్నాడండీ!"

కాలవగట్టు వీధి మొదట్లో పెట్టిన కేకకి చివరింట్లో జాడీ మూత అదిరిందంటే నమ్మండి. ఆ కేక హైమావతిది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేరి ఇంకా ఆర్నెల్లు కాలేదు. చివరిల్లు ఎస్తేరమ్మది. ముప్పై ఆరేళ్ళు అదే ఆసుపత్రిలో చేసి దిగిపోయిన పెద్ద నర్సు. పిల్ల నర్సులకి ఏ సందేహం వచ్చినా ఆవిడ గడపే దిక్కు. ఆవిడకో అలవాటుంది. అడిగినదానికి జవాబు చెప్పదు, చెప్పులు వేసుకుంటుంది.

హైమావతి రొప్పుతూనే చెప్పుకొచ్చింది. పెళ్ళిళ్ళ వంట మేస్త్రి వీరభద్రానికి మొన్న వార్డులోనే గుండె ఆగిపోయింది. ఛాతీ మీద నొక్కి నొక్కి దాన్ని మళ్ళీ ఆడించింది హైమావతే. ఆగిపోయిన ఆ నాలుగు నిమిషాల్లో ఆయన ఎక్కడికో వెళ్ళొచ్చాడట! పెద్ద పందిరి, ఎక్కడ చూసినా వెలుగు, కనుచూపు మేర భోజనాల బంతి. ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ ఆకు వేసి కూర్చోమంది. కూర్చున్నాడు. అంతలో ఎవరో రెక్క పట్టుకుని లాగేశారు.

"ఆ లాగింది నేనేనటమ్మా! ఆకు ముందు నుంచి లేచినవాడు ఇంకోచోట మెతుకు ముట్టకూడదట. డాక్టరుగారు మెత్తటి అన్నం పెట్టమంటే రెండ్రోజులుగా నోరు తెరవడు. ఆయన తినలేదని పెళ్ళాం తినదు. వాళ్ళిద్దర్నీ చూస్తుంటే నాకూ ముద్ద దిగట్లేదు. రేపు పొద్దున్నే ముక్కులో గొట్టం వేస్తామన్నారు. మెదడుకి గాలి అందకపోతే అలాంటివి కనపడతాయని బొమ్మ గీసి మరీ చెప్పా. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అసలు అవి నిజమా, అబద్ధమా? ఆ ఒక్కటీ తేల్చండి చాలు, ఆయనతో నేను చెప్పుకుంటా."

ఎస్తేరమ్మ చెప్పులు వేసుకుంది. పొద్దున కలిపిన పెరుగన్నం క్యారియరూ, పెరట్లో కోసిన నాలుగు అరటాకులూ పట్టుకుని నడిచింది.

వార్డులో వీరభద్రం గోడకేసే చూస్తున్నాడు. ఎస్తేరమ్మ పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. "ఏమయ్యా మేస్త్రీ, ఎన్ని ఆకుల బంతి?"

రెండ్రోజుల్నుంచీ అది లేదు, కాదు అనే మాటే విన్న మనిషి చటుక్కున ఇటు తిరిగాడు. "లెక్కకందదమ్మా! అలాంటి బంతి నేను ఏ జమీందారింట్లోనూ నడపలేదు."

"వంటెలా ఉంది?"

"గుమ్మడికాయ దప్పళం. వాసన బట్టే చెబుతున్నా, ఇంగువ చిటికెడు తక్కువైంది!"

అవతలి మంచం మీద కాలు విరిగినాయన ఫక్కున నవ్వాడు. అక్కడా వంకలేనా అని పెళ్ళాం సత్తెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. హైమావతి ఏదో చెప్పబోతే ఎస్తేరమ్మ ఒక్క చూపుతో ఆపింది.

"సరే, నీ ఆకులో ఏమేం పడ్డాయి?"

"ఏం పడలేదమ్మా. నీళ్ళు చిలకరించుకున్నా, అంతే. ఇంకా ఉప్పైనా వెయ్యలేదు."

"నలభై ఏళ్ళు బంతులు నడిపినవాడివి, నువ్వే చెప్పు. ఉప్పు పడకముందే లేచినవాణ్ణి ఏమంటారు?"

వీరభద్రం ఆలోచించాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ మొహం విచ్చుకుంది చూడండీ!

"అది లేవడం కాదమ్మా," అన్నాడు. "చోటు చూసుకుని రావడం. మలి బంతికి."

"మరింకేం," అంటూ ఎస్తేరమ్మ క్యారియరు మూత తీసింది.

అక్కడితో అయిందా? మేస్త్రి మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టాడు. వంటవాడు ముందు తినకూడదట, అందరూ కూర్చోవాలట! కాలు విరిగినాయన తన క్యారియరు తెప్పించాడు. సత్తెమ్మ మంచం పక్కన చాప పరిచింది. మంచాల వరసే బంతి అయిపోయింది. హైమావతి ఒక్కతే అటూ ఇటూ పరిగెత్తి వడ్డిస్తోంది.

"నన్ను లాక్కొచ్చిన పిల్ల కూర్చుంటే గానీ కలపను," అన్నాడు వీరభద్రం.

నాలుగో ఆకు ముందు హైమావతి కూలబడింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అందరి చేతులూ ఆగిపోయాయి.

"పోపులో ఇంగువ సరిపోయిందమ్మా!"

సత్తెమ్మ ఏడుస్తూనే తినడం మొదలెట్టింది. హైమావతి మాత్రం ఎస్తేరమ్మ చెవి దగ్గరకి వంగింది. "ఇంతకీ నిజమా, అబద్ధమా? చెప్పనేలేదు."

"ఆ బంతి నేను చూళ్ళేదే తల్లీ," అంది ఎస్తేరమ్మ. "ముందు నీ ఆకు చూసుకో."