కండువా, బురద, అగ్గిబాట

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద ఒక అడవి. అడవిని ఆనుకొని కనుచూపు మేర గడ్డిమైదానం. అడవి అంచున పొదల్లో రాయమ్మ అనే కౌజుపిట్ట కాపురముండేది.

కౌజుపిట్టలు చెట్ల మీద గూడు కట్టవు, పిల్లలూ. నేల మీదే, గడ్డిదుబ్బు చాటున చిన్న గుంట చేసుకొని గుడ్లు పెడతాయి. అందుకే రాయమ్మకు పాములంటే భయం, ముంగిసలంటే భయం. అన్నిటికంటే నిప్పంటే మరీ భయం.

ఎండాకాలంలో మైదానంలోని గడ్డి ఎండిపోయి, పిడుగు పడితే చాలు అంటుకునేది. ఆ మంట అడవిలోకి రాకుండా పెద్దలెవరో ఎప్పుడో ఒక ఉపాయం చేశారు. గడ్డికీ చెట్లకీ మధ్య వెడల్పుగా ఒక బాట తీశారు. దాని మీద ఆకు గానీ పుల్ల గానీ ఉండకూడదు. కాల్చుకోవడానికి ఏమీ దొరక్క మంట అక్కడికొచ్చి ఆరిపోయేది. దాన్ని అగ్గిబాట అనేవారు. రాయమ్మ గూడు బాటకు ఇవతల, అడవి వైపు ఉండేది.

అడవికి ఒక సభ కూడా ఉండేది. ఎలుగుబంటి గంగులు ఆ సభకు పెద్ద. ఏటా వానలు వెలిశాక జంతువులన్నీ తలా ఒక గులకరాయి వేసి సభ్యులను ఎన్నుకునేవి. నీటిగుంటలు చూడటానికి ఒకరు, అగ్గిబాట చూడటానికి ఒకరు, తగవులు తీర్చడానికి ఒకరు. సభకు వచ్చేటప్పుడు సభ్యులు మోదుగాకులు గుచ్చిన కండువా మెడలో వేసుకోవడం ఆనవాయితీ.

అప్పట్లో అగ్గిబాట చూసేది ఈరక్క అనే అడవిపంది. పొద్దున్నే వెళ్ళి మూతితో ఆకులన్నీ పక్కకు నెట్టేది. మొలిచిన మొక్కలను వేళ్ళతో సహా పెకిలించేది. ఎండ నెత్తికెక్కితే బురదగుంటలో కాసేపు పొర్లి, మళ్ళీ పనిలోకి దిగేది. సభకు కూడా అలాగే వచ్చేది. ఒళ్ళంతా బురద, మెడలో కండువా లేదు.

ఒకరోజు సభలో ఒక కుందేలు అడిగింది. "ఈరక్కా, సభకొచ్చే తీరు ఇదేనా? కండువా ఏది?"

"పొద్దున ముళ్ళపొదలో చిరిగిపోయింది," అంది ఈరక్క. "బాట ఇంకా సగం మిగిలుంది. కొత్త కండువా గుచ్చుకుంటూ కూర్చుంటే పొద్దు గూకుతుంది."

"అంటే సభంటే లెక్కలేదన్నమాట," అంది ఒక దుప్పి.

అక్కడి నుంచి ఆ మాట అడవంతా పాకింది. నీటి దగ్గరా, మేతలోనూ అందరూ ఈరక్క బురద గురించే మాట్లాడారు. రాయమ్మ కూడా మాట్లాడింది. "మన తరఫున కూర్చునేవాళ్ళు కాస్త చూడ్డానికి బాగుండాలి గదా," అంది చెల్లెలితో. ఆమెకు అది తప్పనిపించలేదు.

వానలు వెలిశాయి. ఈసారి ఈరక్కకు పోటీగా దొరయ్య అనే మనుబోతు నిలబడ్డాడు. నిగనిగలాడే ఒళ్ళు, ఎత్తయిన మెడ. మోదుగాకుల కండువా ఆ మెడకే పుట్టినట్టుండేది. రాయమ్మ తన గులకరాయిని ముక్కున కరుచుకొని వెళ్ళి, కాసేపు తటపటాయించి, దొరయ్య ముందు పెట్టింది. చాలామంది అలాగే పెట్టారు. ఈరక్క తన పిల్లలను వెంటబెట్టుకొని కొండవాలుకు వెళ్ళిపోయింది.

దొరయ్య ప్రతి సభకూ ఠంచనుగా వచ్చేవాడు. కండువాలో ఒక్క ఆకైనా వాడి ఉండేది కాదు. చూసినవాళ్ళంతా, "సభ ఇప్పుడు సభలా ఉంది," అనేవారు.

ఎండలు ముదిరాయి. రాయమ్మ గుడ్లు పెట్టింది. ఒక సాయంత్రం వాన రాకుండానే ఉరిమింది. మైదానంలో ఎక్కడో పిడుగు పడింది. గడ్డి అంటుకుంది. మంట గాలితో పాటు బాట దాకా వచ్చింది. బాట మీద మోకాలి లోతు ఎండుటాకులున్నాయి. మంట అక్కడ ఆగలేదు.

రాయమ్మ చివరిదాకా గుడ్ల మీదే కూర్చుంది. రెక్కల కొసలు కమిలాయి. ఇక తాళలేక ఎగిరిపోయింది.

మర్నాడు మంట ఆరాక తిరిగొచ్చి చూస్తే గూడున్న చోట బూడిద ఉంది. అడవి అంచంతా నల్లగా ఉంది. రాయమ్మ ఏడవలేదు. ఆ బూడిద పక్కనే చాలాసేపు నిలబడింది.

సభలో అందరూ దొరయ్య మీద విరుచుకుపడ్డారు. దొరయ్య తల వంచుకొని అన్నాడు. "నేను చేసింది తప్పే. కానీ ఒక్క మాట. ఏడాదంతా మీరు నన్ను కండువా గురించే పొగిడారు. బాట ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. నా పని సభలో కూర్చోవడమే అనుకున్నాను."

ఆ మాట రాయమ్మ గుండెలో ముల్లులా దిగింది.

మళ్ళీ వానలు వెలిశాయి. ఈసారి జోగయ్య అనే నక్క ముందుకొచ్చాడు. ఒంటినిండా బురద. మెడలో కండువా లేదు.

"నాకు కండువాలు తెలియవు," అన్నాడు జోగయ్య. "నాకు తెలిసింది కష్టం. నా ఒళ్ళు చూడండి."

జంతువులన్నీ పొంగిపోయాయి. "కండువా వేసుకున్నవాణ్ణి నమ్మి కాలిపోయాం. బురద ఉన్నవాడే మనవాడు," అన్నాయి. ఈరక్కను పిలుద్దామని ఎవరికీ తోచలేదు. బురద కళ్ళెదుటే ఉంది గదా. జోగయ్య ముందు గులకరాళ్ళు గుట్ట పడ్డాయి. రాయమ్మ కూడా తన రాయిని ఆ గుట్టలోనే వేసింది.

జోగయ్య ప్రతి సభకూ బురదతోనే వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ అందరూ దారి ఇచ్చి, "పాపం, ఎంత కష్టపడుతున్నాడో," అనుకున్నారు.

చలి తగ్గి ఆకులు రాలడం మొదలైంది. రాయమ్మకు మళ్ళీ గూడు కట్టాలనిపించింది. గుంట తవ్వబోయి ఆగింది. ఎందుకో మనసు ఒప్పలేదు. నడుచుకుంటూ అగ్గిబాట దగ్గరికి వెళ్ళింది. బాట మీద అడుగు వేస్తే ఎండుటాకుల్లో పొట్ట దాకా దిగబడింది. ఇంకొంచెం దూరం పోయి చూసింది. అక్కడా అంతే. మలుపు దాటి చూసింది. అక్కడ మొక్కలు కూడా మొలిచి ఉన్నాయి.

రాయమ్మ ఎప్పుడూ సభలో నోరు విప్పింది కాదు. ఆ రోజు సభలో మాత్రం ముందుకొచ్చి నిలబడింది.

"బాట మీద ఆకులున్నాయి," అంది.

జోగయ్య నవ్వాడు. "అమ్మా, నా ఒంటి మీద బురద కనబడటంలేదా?"

"అయితే ఆ బురద ఎక్కడిది?" అంది కుందేలు.

"వాగు ఒడ్డున పొర్లుతుంటే నేను చూశాను," అంది దుప్పి.

"బాట పక్క బురదే అది," అంది ఒక అడవిపిల్లి.

అంతే, సభ రెండుగా చీలింది. ఆ బురద ఎర్రదా నల్లదా, నిన్నటిదా ఇవాళ్టిదా అని వాదులాట మొదలైంది. రాయమ్మ కాసేపు విన్నది. గంగులు చెయ్యెత్తి అందరినీ ఆపాక మెల్లగా అంది.

"గంగులన్నా, మనం మళ్ళీ ఒంటి గురించే మాట్లాడుతున్నాం. ఈరక్క బురద చూసి ఆమెను వద్దనుకున్నాం. దొరయ్య కండువా చూసి రమ్మన్నాం. నేనూ అదే చేశాను. నా గుడ్లు కాలిపోయాయి. జోగయ్య బురద నిజమైనా అబద్ధమైనా నాకు అక్కర్లేదు. లేచి ఒక్కసారి బాట దాకా రండి. చూసొచ్చి మాట్లాడుకుందాం."

గంగులు లేచి నడిచాడు. వెనకే అందరూ నడిచారు.

బాట చూశాక ఇక అడగవలసింది ఏమీ లేకపోయింది. జోగయ్య చెవులు వాల్చి ఒక పక్కన నిలబడ్డాడు. గంగులు కొండవాలుకు కబురు పంపాడు. ఈరక్క వచ్చింది. రాయమ్మ ఎదురెళ్ళి అంది. "అక్కా, ఆ రోజు నీ గురించి నేనూ మాట్లాడాను. మనసులో పెట్టుకోకు."

"మాటలకేంలే రాయమ్మా," అంది ఈరక్క. "ఎండలు ముదరకముందే తెమలాలి. ముందు మలుపు దగ్గర మొదలుపెడదాం."

దొరయ్య గిట్టలతో మొక్కలను తొక్కి విరిచాడు. గంగులు గోళ్ళతో వేళ్ళు పెకిలించాడు. జోగయ్య కూడా తోకతో ఆకులు ఊడ్చాడు, ఎవరి మొహమూ చూడకుండా. పక్షులు పుల్లలు ఏరి అవతల పడేశాయి.

ఆ ఎండాకాలం కూడా పిడుగు పడింది. గడ్డి అంటుకుంది. రాయమ్మ గుడ్ల మీద కూర్చొని మంట రావడం చూసింది. వేడిగాలి తగిలి ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచి చూసేసరికి మంట బాట అంచున కాసేపు అటూ ఇటూ పాకి, చిన్నదై, పొగై పోయింది.

పిల్లలు బయటికొచ్చిన వారానికి సభ జరిగింది. రాయమ్మ వాటిని వెంటబెట్టుకొని వెళ్ళింది. అప్పటికే అగ్గిబాట మళ్ళీ ఈరక్క చేతికొచ్చింది. ఏ మూల శుభ్రమైందో, ఏ మూల ఇంకా మిగిలుందో ఈరక్క చెబుతుంటే రాయమ్మ శ్రద్ధగా విన్నది. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగింది.

ఇంటికొచ్చాక చెల్లెలు అడిగింది. "అక్కా, ఇవాళ ఈరక్క కండువా వేసుకొచ్చిందా?"

రాయమ్మ ఆలోచించింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"ఏమో," అంది. "బాట సంగతి వింటూ ఉన్నాను. అది చూడలేదు."

నీతి: మన కోసం పనిచేసేవారి ఒంటి మీద ఏముందో కాదు, వారు చేసిన పని ఎలా ఉందో వెళ్ళి చూడాలి, అది చూడటం మన వంతు.