దించిన భుజం

కొద్దిరోజులుగా భానోజీకి అన్నం సయించడం లేదు. కారణం రుద్రిక.

రుద్రిక మనిషి కాదు. ఫోన్‌లో ఆడే ఆటలో కర్ర పట్టి యుద్ధం చేసే అమ్మాయి. దెబ్బ మీదికి వచ్చేసరికి గాలిలో మాయమై శత్రువు వీపు వెనక తేలేది. ఆ మాయమవడం చూసే భానోజీ మనసు పారేసుకున్నాడు. ఇప్పుడు ఆట తయారుచేసినవాళ్ళు కొత్త అప్‌డేట్‌లో ఆ విద్య కాస్తా తీసేశారు. దాని బదులు ఇంకేదో ఇచ్చారట. అదేమిటో చూడబుద్ధి కూడా కాలేదు అతనికి.

ఆదివారం విశాఖలో ఆ ఆటకే పోటీ. జట్టులో మిగతావాళ్ళు ఇతని మాట కోసం కాచుకుని ఉన్నారు. రానని చెప్పేద్దామనే ఉంది, నోరు రావడం లేదు.

ఆ సాయంత్రం దిగులుగానే కర్రసాముకి వెళ్ళాడు. విజయనగరంలో ఓ మూసేసిన రైసుమిల్లు వెనక, ఒకప్పుడు ధాన్యం ఆరబోసిన సిమెంటు కళ్ళంలో పైడయ్యగారు సాము నేర్పుతారు. ఆయనది ఎడమచేతి వాటం. కుడి భుజం కాస్త కిందికి దించి నిలబడతారు. కిటుకంతా ఆ దించిన భుజంలోనే ఉందని శిష్యుల నమ్మకం. కుడిచేత్తో అన్నం తినేవాళ్ళంతా అక్కడికొచ్చి ఎడమచేత్తో కర్ర పడతారు. అద్దం ముందు నిలబడి మరీ భుజం దించడం నేర్చుకుంటారు. భానోజీ అయితే బస్సు కోసం నిలబడ్డా అలాగే నిలబడతాడు.

"ఏటిరా, అలాగున్నావు?" అన్నారు గురువుగారు.

భానోజీ తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు. ఫోన్ తీసి రుద్రికను చూపించాడు.

"మీరొక్క మాట చెప్పాల గురువుగారూ. వీడియో తీసి ఆ ఆట చేసినోళ్ళకి పంపుతాను. విద్య మార్చీస్తే ఆ మనిషి ఇంక ఆ మనిషి కాదని చెప్పండి, చాలు."

"చెప్తాన్లే. కొత్తగా ఏటిచ్చారు ఆ పిల్లకి?"

"చూడలేదండి."

"ఓడిపోతోందా?"

"నేను ఆడితే కదండీ."

గురువుగారు ఆ బొమ్మకేసి ఆసక్తిగా చూశారు. తర్వాత కళ్ళం మధ్యకి నడిచి, "తియ్యి వీడియో" అన్నారు.

భానోజీ ఫోన్ ఎత్తి పట్టాడు.

ఆయన కర్రను కుడిచేతిలోకి మార్చుకున్నారు. భానోజీ అంతవరకూ అది చూసి ఎరగడు. పిడికిలి బిగిసిన తీరు, పాదం జరిగిన తీరు చూస్తే ఆ చేతికి కర్ర కొత్తది కాదని తెలిసిపోతోంది. కర్ర పైకి లేచి, ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన మొహం చిట్లించి, మెల్లగా భుజం కిందికి దించుకున్నారు. శిష్యులు రోజూ అద్దం ముందు దించుకునే భుజం అదే.

"నొప్పాండీ?" అన్నాడు భానోజీ.

"నువ్వు రాకముందు లారీ గుద్దీసింది. అప్పటిదాకా నాది కుడిచేతి సామే. ఎడంచేత్తో మొదలెట్టేసరికి, ఈయన మా గురువు కాడని పాత శిష్యులు ఎళ్ళిపోయారు." ఆయన మాటలో నిష్ఠూరం లేదు. "మంచోళ్ళేరా. నేనంటే ప్రాణం ఆళ్ళకి."

భానోజీ కుడి భుజం అప్పటికీ కిందికి దించే ఉంది.

"ఇప్పుడు చెప్పీమంటావా, ఆ మాట?"

భానోజీ వీడియో ఆపేశాడు. కళ్ళం గట్టు మీద కూర్చుని ఆట తెరిచాడు. యుద్ధంలోకి దిగలేదు. రుద్రికను ఖాళీ మైదానంలో ఒంటరిగా నిలబెట్టి, నెమ్మదిగా తెర మీది ఒక్కో గుర్తూ నొక్కసాగాడు.

కాసేపటికి గురువుగారు కూడా వచ్చి పక్కన కూర్చుని, కళ్ళజోడు పెట్టుకున్నారు.

"అదేటిరా, కర్ర నేలలో గుచ్చింది? ఎందుకూ?"

"తెలీదు గురువుగారూ," అన్నాడు భానోజీ, ఫోన్ మీంచి కళ్ళు తిప్పకుండా. "చూస్తన్నాను."