బూరె మింగిన పాట

కోనసీమలోని అంబాజీపేటలో ముక్తేశ్వరరావు అనే వీడియోగ్రాఫర్ ఉండేవాడు. పనిమంతుడే గాని, తీసిన బొమ్మని అక్కడికక్కడే పదిమందికి చూపించి శభాష్ అనిపించుకుంటే తప్ప అతనికి తిన్నది అరిగేది కాదు.

చేతి కెమెరాలో చిన్న క్యాసెట్ వేసి పెళ్లిళ్లు తీసే రోజులవి. ఆ క్యాసెట్లు అగ్గిపెట్టెకి అన్నల్లా ఉండేవి. ముక్తేశ్వరరావు కెమెరాని కన్నబిడ్డలా చూసుకునేవాడు. మెత్తటి గుడ్డతో తుడిచేవాడు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. టేపుల మీద మాత్రం సవతి తల్లి ప్రేమే. ఏ కొట్లో ఏది దొరికితే అది కొనేవాడు. ఇవాళ ఒక కంపెనీ, రేపు ఇంకో కంపెనీ. కొన్ని స్కూటర్ డిక్కీలో పానాల మధ్య దొర్లుతుండేవి. కొన్ని ఇంట్లో స్పీకర్ మీద దుమ్ము కొట్టుకుపోయి ఉండేవి.

ఆ క్యాసెట్ వెనక అంచున గోరుతో జరిపే చిన్న ముక్క ఒకటుంటుంది. దాన్ని పక్కకి జరిపితే కెమెరా ఆ టేపు మీద మళ్లీ ఏమీ తీయదు. తీసిన బొమ్మ చెరిగిపోకుండా అదే కాపలా. ముక్తేశ్వరరావు ఆ ముక్కని ఏనాడూ జరిపిన పాపాన పోలేదు.

అతని భార్య సత్యవేణి ఆవకాయ జాడీకి వాసెన కడుతూ, “జాడీ నిండింది కదా అని మూతి తెరిచి వదిలేస్తామా అండీ? వాసెన కడితేనే ఏడాదంతా ఉంటుంది. మీ టేపులకి ఆ ముక్క కూడా అలాంటిదే కదా,” అనేది.

“ఆవకాయా వీడియోనూ ఒకటేనంటావా?” అని అతను నవ్వేసేవాడు.

ఒక వేసవిలో గంగలకుర్రులో సుహాసిని అనే అమ్మాయి పెళ్లికి అతన్ని పిలిచారు. పందిట్లో అడుగుపెట్టగానే పెళ్లికూతురి అమ్మమ్మ పాపాయమ్మ అతన్ని పక్కకి పిలిచింది.

“బాబూ, అప్పగింతలప్పుడు నేనొక పాట పాడతాను. మా అమ్మ పాడేది, వాళ్లమ్మ పాడేది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, పెళ్లిళ్లలో విని విని నోటికొచ్చింది. నా కూతురికి గొంతు లేదు. మనవరాళ్లిద్దరికీ వినే తీరిక లేదు. అది నాతోపాటే పోతుందేమోనని నా బెంగ. మిగతావి నువ్వెలా తీసినా సరే, పాట మాత్రం జాగ్రత్త.”

“ఆయ్, మీరు నిశ్చింతగా ఉండండి. ఆ పాట పూచీ నాది,” అన్నాడు ముక్తేశ్వరరావు.

సాయంత్రం అప్పగింతలు జరిగాయి. పిల్ల చేతిని అత్తగారి చేతిలో పెడుతుంటే పాపాయమ్మ పాట అందుకుంది. మా పిల్ల పొద్దెక్కి లేస్తే కసురుకోకండి, కూరలో ఉప్పెక్కువైతే నవ్వుకుని తినండి, పుట్టింటి కబురు చెప్పబోతే విసుక్కోకండి అని ఆ పాట అత్తింటివాళ్లని బతిమాలుతుంది. వియ్యపురాలు కూడా కళ్లు తుడుచుకుంది. ముక్తేశ్వరరావు పాటంతా చెయ్యి వణక్కుండా తీశాడు. నిజంగా బాగా తీశాడు.

బాగా తీయడమే కొంప ముంచింది. పెళ్లివారి బస్సు రావడం ఆలస్యమైంది. ఈలోగా పెళ్లికొడుకు మేనమామ వచ్చి, “ఏదీ, ఎలా వచ్చిందో ఓసారి చూపించవయ్యా,” అన్నాడు. అడగడమే చాలు. ముక్తేశ్వరరావు టేపుని పాట మొదటికి తిప్పి, కెమెరా పక్క తలుపులా తెరుచుకునే చిన్న తెర మీద బొమ్మ చూపించాడు. ముందు మేనమామ చూసి భోజనానికి వెళ్లాడు, తర్వాత మేనత్త, ఆ వెనక పదిమంది మూగారు. “నీ చేతిలో ఏదో ఉందయ్యా,” అన్నారెవరో. ముక్తేశ్వరరావు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

అప్పుడే భోజనాల దగ్గర్నించి కేక వినిపించింది. “వీడియో ఆయనా, పెళ్లివారి బంతి సగమైపోయింది, రావయ్యా!”

అతను పరుగెత్తాడు. మళ్లీ చూపిద్దామని వెనక్కి తిప్పిన టేపు ఇంకా పాట మొదట్లోనే ఉందన్న సంగతి గుర్తు లేదు. ఎర్ర మీట నొక్కి, బంతి మొదటి విస్తరి నుంచి చివరి విస్తరి దాకా తీరిగ్గా తీశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో టీవీకి కెమెరా తగిలించి టేపు పెట్టాడు. సత్యవేణి కూడా పాట వినాలని వచ్చి కూర్చుంది. తెర మీద పాపాయమ్మ పాడటానికి నోరు తెరిచింది. మరుక్షణం మేనమామ పూర్ణం బూరె కోసం నోరు తెరిచాడు. ఆ తర్వాత అన్నీ బూరెలూ పులిహోరా, మజ్జిగ జుర్రుకోవడాలే. బంతి పాటకన్నా పొడుగు. పాట ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

ముక్తేశ్వరరావు చాలాసేపు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. చివరికి, “టేపు కంపెనీ వాడే మోసం చేశాడని చెప్పేద్దాం. వాళ్లకేం తెలుస్తుంది?” అన్నాడు.

“వాళ్లకి తెలియదు. మీకు తెలుసు కదా,” అంది సత్యవేణి. “ఆ ముసలావిడ మీ మాట నమ్మి పాడారండీ.”

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే అతను గంగలకుర్రు వెళ్లాడు. పాపాయమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పాడు. చూపించుకోవాలన్న తన యావ గురించి చెప్పేటప్పుడు తల ఎత్తలేకపోయాడు.

“నన్ను క్షమించండమ్మా. కెమెరా తెచ్చాను. ఒక్కసారి మళ్లీ పాడండి, ఇప్పుడే తీసేస్తాను,” అన్నాడు.

“అది ఊరికే పాడే పాట కాదు బాబూ,” అంది పాపాయమ్మ. “పిల్ల చెయ్యి అవతలివాళ్ల చేతిలో పెడుతున్నప్పుడే పాడాలి. ఉత్తప్పుడు పాడితే ఉన్న పిల్లని ఇంట్లోంచి పొమ్మన్నట్టే. మా ఇంట్లో ఎవరూ అలా పాడలేదు, నేనూ పాడను. ఇంకా మా చిన్న మనవరాలు హిమబిందు ఉంది. దాని పెళ్లిదాకా ఆగాల్సిందే. అందాకా నేనుంటే పాడతాను. నువ్వుంటే తీద్దువుగాని.”

ఆవిడ తిట్టి ఉంటే అతనికి ఇంత బాధ ఉండేది కాదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఒకటే భయం. పాపాయమ్మకి అప్పటికే నాలుగడుగులేస్తే ఆయాసం వచ్చేది.

ఆ రోజు నుంచి ముక్తేశ్వరరావు మారాడు. రకానికొకటి చొప్పున టేపులు తెచ్చి, తన వాకిట్లో కొబ్బరిచెట్టునే వాటన్నిటి మీదా తీశాడు. ఏ టేపులో బొమ్మ గళ్లుగళ్లుగా విరగకుండా వచ్చిందో చూసి, ఆ కంపెనీ టేపే వాడటం మొదలుపెట్టాడు. దొరకలేదని ఇంకోటి కలిపేవాడు కాదు. “నిరుటి ఆవకాయలో కొత్తది కలిపితే రెండూ చెడతాయి కదా,” అని సత్యవేణికే చెప్పేవాడు. ఆవిడ నవ్వాపుకునేది. సీలున్న టేపే కొనేవాడు. వాడబోయే ముందు, చుట్ట సమంగా బిగియడానికి దాన్ని చివరిదాకా ఓసారి తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చేవాడు. తీసిన టేపుకి ముక్క జరిపి, పేరు రాసి, దాని డబ్బాలో పెట్టి, చెక్క బీరువాలో పుస్తకాల్లా నిలబెట్టేవాడు. కోనసీమ వానలకి గోడలే బూజు పడతాయి, టేపులెంత? అందుకని వానాకాలంలో వాటి క్షేమం కనుక్కోని రోజు లేదు. స్పీకర్‌లో ఉండే అయస్కాంతం టేపులకి పడదని దాన్ని ఆ గదిలోంచే గెంటేశాడు.

రెండో ఏడు మాఘమాసంలో హిమబిందు పెళ్లి కుదిరింది. పెళ్లికూతురి తండ్రి మరో వీడియోగ్రాఫర్ని మాట్లాడబోయాడు. పాపాయమ్మ ఒప్పుకోలేదు.

“ముక్తేశ్వరరావునే పిలవండి. చేతులు కాలినవాడు ఈసారి ఆకులు పట్టుకునే వస్తాడు,” అంది.

అప్పగింతల వేళకి ఇద్దరు పట్టుకుంటే గాని పాపాయమ్మ నిలబడలేకపోయింది. గొంతు సన్నబడింది. ఒక్కో చరణం తర్వాత ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆవిడ ఆగినా ముక్తేశ్వరరావు కెమెరా ఆపలేదు. చివరి చరణం దగ్గర దగ్గు తెర వచ్చింది. ఆవిడ మంచినీళ్లు తాగి, మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని, పాట పూర్తి చేసింది.

ముక్తేశ్వరరావు కెమెరా దించాడు. టేపులో ఇంకా చోటుంది. అయినా బయటికి తీశాడు. గోరుతో ముక్క జరిపాడు. డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని సత్యవేణి ఇచ్చిన బిగుతు మూత స్టీలు డబ్బాలో పెట్టి, సంచీలో అడుగున దాచాడు. కెమెరాలో కొత్త టేపు వేశాడు.

ఇంతలో పెళ్లికొడుకు బావగారు వచ్చాడు. “ముసలావిడ పాట భలే ఉందయ్యా. ఏదీ, చూపించు,” అన్నాడు. వెనకే నలుగురు చేరారు.

ముక్తేశ్వరరావు చెయ్యి సంచీ వైపు వెళ్లబోయింది. పాత అలవాటు మరి. బలవంతంగా వెనక్కి లాక్కున్నాడు.

“ఇప్పుడు కాదండి. ఇంటికెళ్లి ఇంకో టేపు మీదకి ఎక్కించాక అందరికీ చూపిస్తాను.”

“అంత రహస్యమేంటయ్యా? సరిగ్గా రాలేదేమో,” అన్నాడు బావగారు. నలుగురూ నవ్వారు.

ముక్తేశ్వరరావు ప్రాణం చివుక్కుమంది. ఒక్క నిమిషం చూపిస్తే ఆ నవ్వుతున్న నోళ్లే మెచ్చుకుంటాయని తెలుసు. అయినా, “రాకపోతే రేపు తిడుదురుగాని. ఇవాళ మాత్రం డబ్బా తియ్యను,” అన్నాడు. కుర్చీలో కూర్చున్న పాపాయమ్మ ఆ మాట విని, కళ్లు మూసుకుని వెనక్కి వాలింది.

పాట చెక్కుచెదరకుండా వచ్చింది. ఆగి పీల్చుకున్న ఊపిరితో సహా ఉంది. అతను దానికి నకళ్లు తీసి, అసలుది బీరువాలో దాచి, ఒక నకలు గంగలకుర్రు పట్టుకెళ్లాడు.

శ్రావణమాసంలో మనవరాళ్లిద్దరూ పుట్టింటికి వచ్చారు. అప్పటికి పాపాయమ్మ మాట గుసగుసలా అయిపోయింది. ఇక పాడలేదు. రోజూ మధ్యాహ్నం ఆ పాట టీవీలో పెట్టుకుని అక్కాచెల్లెళ్లు వినేవారు. ఉత్తప్పుడు పాడకూడదు కాబట్టి గొంతు రానివ్వకుండా పెదవులు మాత్రం కదిపేవారు. తప్పు కదిపితే పాపాయమ్మ మంచం పట్టె మీద చేత్తో కొట్టేది. మళ్లీ మొదటికి తిప్పేవారు. ఒక రోజు అటుగా వెళ్లిన ముక్తేశ్వరరావు గుమ్మంలో నిలబడి అది చూశాడు. అందరి కళ్లూ తెర మీదే ఉన్నాయి. అతను వచ్చినట్టు కూడా ఎవరూ గమనించలేదు. అయినా అతని కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత పాపాయమ్మ అన్నగారి మనవరాలి పెళ్లయింది. అప్పగింతలప్పుడు ఆ పాట రెండు లేత గొంతుల్లో పందిరంతా వినిపించింది. ముందు వరసలో కూర్చున్న పాపాయమ్మకి ఒక్కసారి కూడా చెయ్యి తట్టాల్సిన పని పడలేదు. ముక్తేశ్వరరావు పాటంతా తీశాడు, టేపు బయటికి తీశాడు, ముక్క జరిపాడు, డబ్బాలో పెట్టి మూత బిగించాడు. అప్పుడు బంతిలో కూర్చుని బూరె తిన్నాడు.

నీతి: విలువైనదాన్ని పదిమందికి చూపించుకునే ముందు పదిలం చేసుకోవాలి, మెప్పు ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు, అజాగ్రత్తతో చెరిగిపోయింది మాత్రం అడిగినప్పుడు తిరిగి రాదు.