రేపటి రెబ్బ

కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల మాట ఇది. మా పెద్దలు విన్నది మాకు చెప్పారు. మేము విన్నది మీకు చెబుతున్నాం.

ఒక కొండ ఉండేది. కొండకు ఇటు ఎర్రచెలక అనే ఊరు, అటు నల్లచెలక అనే ఊరు. ఎర్రచెలకలో ఓబులమ్మ అనే ముసలామె ఉండేది. ఇంటింటికీ పోయి మిరపకాయలు, పసుపు, ధనియాలు దంచిపెట్టి ఆ కూలితో బతికేది.

ఆమెకు ఒక నియమం ఉండేది. తెల్లవారగానే గుడిసె ముందున్న రోట్లో ఒక వెల్లుల్లి రెబ్బ దంచేది. దంచిన వెంటనే తినేది కాదు. వాకిలి ఊడ్చి వచ్చేదాకా దాన్ని అలాగే ఉంచేది. తర్వాత జొన్నరొట్టె ముక్కలో పెట్టుకుని తినేది. తిన్నాక, పొట్టు తీయని ఇంకో రెబ్బను రోటి అంచున పెట్టేది. నేటిది నోట్లో, రేపటిది రోటి అంచున. నలభై ఏళ్ళు ఒక్క రోజు తప్పలేదు. జ్వరమొచ్చినా తప్పలేదు. మొగుడు పోయిన రోజున కూడా తప్పలేదు.

ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవారు. ఓబులవ్వ వీధి మలుపులో ఉండగానే ఆమె వాసన వంటింట్లోకి వస్తుందనేవారు. ఊరి పెద్దకాపు తిమ్మప్ప అయితే ఆమె ఎదురైతే పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు.

ఇలా ఉండగా వరుసగా మూడేళ్ళు వానలు లేవు. చెరువు ఎండింది. బావి ఎండింది. వాగు ఎండింది. కొండ నెత్తిన ఒక్క ఊట మాత్రం మిగిలింది. దానికి కాలువ తీస్తే ఒక ఊరికే నీళ్ళు చాలుతాయి. రెండో ఊరు మూటలు కట్టుకుని వలస పోవలసిందే.

పడుచువాళ్ళు పోటీకి దిగితే తలలు పగులుతాయని రెండు ఊళ్ళ పెద్దలూ ఒక కట్టుబాటు చేసుకున్నారు. అరవై దాటినవాళ్ళు ఊరికొకరు కొండ ఎక్కాలి. ముందుగా ఊటలో కుండ ముంచినవారి ఊరికే కాలువ. పోటీకి గడువు ముప్పై రోజులు.

నల్లచెలక తరఫున మద్దిలేటి నిలబడ్డాడు. వయసులో కుస్తీలు పట్టినవాడు. ఎర్రచెలక తరఫున పెద్దకాపు తిమ్మప్ప తానే ఎక్కుతానన్నాడు. కానీ గాదె నిచ్చెన ఎక్కితేనే ఆయనకు ఆయాసం వచ్చేది. అందుకని చాటుగా ఓబులమ్మ గుడిసెకు పోయి, ఈ వయసులో అంత దమ్ము ఎక్కడిదని అడిగాడు.

ఆమె దాచుకోలేదు. కడుపు నిండా తిండి, ఒంటి నిండా పని, రోజుకొక రెబ్బ అని చెప్పింది. దంచి, వాకిలి ఊడ్చి, తినమంది.

"వాకిలి నేను ఊడ్చాలా?" అన్నాడు తిమ్మప్ప.

"తినేది మీరే కదయ్యా," అంది ఓబులమ్మ.

తిమ్మప్ప చీపురు పట్టలేదు. రెబ్బ మాత్రం ఏడు రోజులు తిన్నాడు. ఎనిమిదో రోజు పెళ్ళి భోజనానికి పోయి మరిచాడు. తొమ్మిదో రోజు బద్ధకించాడు. పదో రోజు నుంచి దాని ఊసే లేదు. పోటీకి ముందురోజు గుర్తొచ్చింది. తప్పిన రోజులు ఇరవై మూడని లెక్కవేసి, ఇరవై మూడు రెబ్బలూ పరగడుపున ఒక్కసారే నమిలి మింగాడు. చేయని పని చివర్లో చేసేస్తే సరిపోతుందనుకునే మనిషికి ఏం జరగాలో అదే జరిగింది. కడుపు మండింది. వాంతులయ్యాయి. తెల్లారేసరికి మంచం మీద నుంచి లేవలేకపోయాడు.

కొండ కింద డప్పులు మోగుతున్నాయి. ఎర్రచెలక ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరికి మోకాళ్ళు లేవు. ఒకరికి చూపు లేదు. ఒకరికి ఊపిరి చాలదు. అప్పుడు దంపుడు కూలికి బయల్దేరిన ఓబులమ్మ చేతిలో రోకలి పక్కన పెట్టి కుండ తీసుకుంది. ఆ పొద్దుటి పని ఆమె ముగించే వచ్చింది. నేటిది నోట్లో, రేపటిది రోటి అంచున.

కొండ దారికి మూడు మలుపులు. మొదటి మలుపు దగ్గర మద్దిలేటి చాలా ముందున్నాడు. వెనక్కి తిరిగి, రోలు కూడా తెచ్చుకోవలసింది అవ్వా అన్నాడు. రోకటి పోటు ఎలా పడుతుందో ఆమె అడుగు అలా పడుతోంది. తొందర లేదు, ఆగడం లేదు.

రెండో మలుపు దగ్గర మద్దిలేటి రాయి మీద కూర్చుని ఉన్నాడు. నీ వాసన తగిలి ఆగానులే అన్నాడు. ఆమెకు తొందర లేదు, ఆగడం లేదు.

మూడో మలుపు దగ్గర మద్దిలేటి నడుం పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. ఈసారి మాట రాలేదు. ఆమె అతన్ని దాటి పోయింది.

కుండ బుడుంగుమని ఊటలో మునిగింది. ఎర్రచెలక డప్పులు కొండంతా మోగాయి. ఓబులమ్మ ఆ మొదటి కుండను కిందికి తెచ్చి, ముందుగా మద్దిలేటి దోసిట్లో పోసింది. అతను తాగి, ఆమె పాదాలు ముట్టుకున్నాడు.

"అవ్వా, మీ ఊరు గెలిచింది. మా పిల్లలు ఏం తాగాలి?"

"కాలువ మా ఊళ్ళో ఆగదు నాయనా. మేము సగం పొలమే వేసుకుంటాం. మిగిలింది మీకు పారుతుంది," అంది ఓబులమ్మ.

గెలిచిన మనిషి మాట. ఎవరూ కాదనలేదు. ఏ ఊరూ వలస పోలేదు.

సాయంత్రం తిమ్మప్ప కడుపు పట్టుకునే వచ్చి, నిన్ను గెలిపించింది వెల్లుల్లేనా అని నలుగురిలో అడిగాడు.

"వెల్లుల్లి కొండ ఎక్కలేదయ్యా, నేను ఎక్కాను. ఇన్నాళ్ళూ నన్ను నిలబెట్టినవాటిలో అదొకటి. అదీ రోజూ తిన్నందుకు," అంది.

మరో పన్నెండేళ్ళు బతికి, ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది ఓబులమ్మ. రెండు ఊళ్ళూ వచ్చాయి. చూస్తే, ముందురోజు ఆమె పెట్టిన రెబ్బ రోటి అంచున అలాగే ఉంది. ముట్టుకోవడానికి ఎవరికీ చేయి రాలేదు. ముసలి తిమ్మప్ప ముందుకొచ్చాడు. ఆ రెబ్బను రోట్లో దంచాడు. మూలనున్న చీపురు తీసుకుని, అందరూ చూస్తుండగా ఓబులమ్మ వాకిలంతా ఊడ్చాడు. తర్వాత రెబ్బ తిన్నాడు. తిని, ఇంకో రెబ్బను రోటి అంచున పెట్టాడు. చనిపోయేదాకా రోజూ వచ్చి పెట్టాడు.

ఇప్పటికీ ఆ రెండు ఊళ్ళలో వెల్లుల్లి దంచిన ఇల్లాలు ఒక రెబ్బను రోటి అంచున ఉంచుతుంది. దంచినది ఆగాలి, ఈలోపు వాకిలి ఊడవాలి. ఎవరైనా గొప్పగా ఒక పని మొదలుపెట్టానని చెప్పుకుంటే, అక్కడివాళ్ళు మెచ్చుకోరు. ఒక్కటే అడుగుతారు.

"రేపటి రెబ్బ పెట్టావా?"